ఇంట్లో సువాసనల మోతాదు తగ్గించుకోవడం ఎలా: కలరా ఉండల నుంచి కారు సెంటు దాకా

ఫినాయిల్ వాసన రాకపోతే ఇల్లు తుడిచినట్టే అనిపించదు చాలామందికి. ఉతికిన బట్టలకు పూల వాసన ఉండాలి, బాత్రూమ్‌కి నిమ్మ వాసన ఉండాలి, కారెక్కగానే సెంటు గుప్పుమనాలి. ఇన్ని మంచి వాసనల మధ్య పిల్లవాడు రాత్రంతా దగ్గుతుంటే చల్లనీళ్లనో దుమ్మునో తిడతాం. మధ్యాహ్నమయ్యేసరికి తల పగిలిపోతుంటే ఎండని తిడతాం. సువాసన మీదకి మాత్రం అనుమానం పోదు. ఒక్కసారి అటు కూడా చూడమని అడగడానికి, చూశాక ఏం చేయాలో వరసగా చెప్పడానికి ఇది రాస్తున్నాను.

ముందు అసలు సంగతి. ఒక వస్తువు వాసన వస్తోందంటే అందులోని రసాయనం ఆవిరై గాల్లో కలిసి మన ముక్కును చేరినట్టే. ముక్కును చేరింది ఊపిరితిత్తుల్లోకీ వెళ్తుంది. ఇలా మామూలు వేడికే ఆవిరయ్యేవాటిని వీఓసీలు అంటారు. నిమ్మ తొక్క వాసన లిమోనిన్‌ది. లావెండర్‌లోనూ మల్లెలోనూ లినలూల్ ఉంటుంది. లవంగం ఘాటు యూజినాల్ వల్ల వస్తుంది. పువ్వులో పుట్టినా ఫ్యాక్టరీలో పుట్టినా లినలూల్ లినలూలే. అందుకని సీసా మీద 'సహజం' అని కనిపించగానే నిశ్చింతగా ఉండకండి.

ఇవి గాల్లోకి వెళ్లాక ఊరికే ఉండవు. బయటి నుంచి వచ్చే ఓజోన్ అనే వాయువుతో లిమోనిన్, పైన్ నూనెలో ఉండే పైనీన్ లాంటివి కలిస్తే ఫార్మాల్డిహైడ్, అతి సన్నని కణాలు పుడతాయి. ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ తెప్పిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. ఇంట్లో పుట్టే మోతాదు సాధారణంగా తక్కువే, దీనికి బెంబేలెత్తక్కర్లేదు. కానీ ఉబ్బసం, పార్శ్వపు నొప్పి, చర్మపు అలర్జీ ఉన్నవాళ్లకు ఇబ్బంది తక్షణమే కనిపిస్తుంది. ఆన్ స్టైన్‌మన్ అనే పరిశోధకురాలు అమెరికాలో చేసిన సర్వేలో 34.7 శాతం మంది, అంటే ముగ్గురిలో ఒకరికి పైగా, సువాసన వస్తువుల వల్ల తలనొప్పో ఊపిరాడకపోవడమో ఏదో ఒక ఇబ్బంది పడుతున్నామన్నారు. అంతకుముందు ఆవిడే బజార్లో దొరికే 25 సువాసన వస్తువులను పరీక్షిస్తే 133 రకాల వీఓసీలు బయటపడ్డాయి. వాటిలో లేబుల్ మీద పేరు కనిపించింది ఒక్కదానికే. 'పర్యావరణ హితం' అని అమ్మేవీ ఇందులో మినహాయింపు కాదు.

మొదట: ఇల్లంతా వాసన చూడండి

ఈ పనికి ఒక సమయం ఉంది. ఊరి నుంచి వచ్చి తలుపు తీసిన క్షణం అన్నిటికన్నా మంచిది. లేదా కనీసం గంటసేపు బయట తిరిగొచ్చి చేయండి. ఇంట్లోనే ఉంటే కాసేపట్లో ముక్కు అలవాటుపడిపోతుంది. 'మాకేం వాసన రావట్లేదు' అనే ఇంట్లోకి చుట్టాలొచ్చి తుమ్మడం అందుకే.

ఒక కాగితం పట్టుకుని గది గదికీ తిరగండి. బీరువా తీసి వాసన చూడండి. దిండు గలీబు ముక్కు దగ్గర పెట్టుకోండి. వాష్‌బేసిన్‌లో తెల్ల ఉండలున్నాయా, ప్లగ్గుకి ఏదైనా పెట్టారా, కమోడ్‌లో వేలాడే బిళ్ల ఉందా? టాల్కమ్ పౌడరు, తలనూనె, బాడీ స్ప్రే, బామ్, అంట్లు తోమే సబ్బు, సెంటున్న టిష్యూలు, అన్నీ రాయండి. జాబితా పూర్తయ్యేసరికి దాని పొడవు చూసి మీకే ఆశ్చర్యమేస్తుంది.

అదే కాగితం వెనక ఇంట్లో ఎవరికి ఏ ఇబ్బంది, ఎప్పుడు, ఎక్కడ అని రాయండి. 'చిన్నదానికి పొద్దున లేవగానే తుమ్ములు, సెలవులకు ఊరెళ్తే ఉండవు', 'ఆయనకి కారెక్కిన పావుగంటకి తలనొప్పి' అన్నంత వివరంగా. చోటు మారితే తగ్గే ఇబ్బంది ఏదో అదే మీకు దారి చూపిస్తుంది.

అన్నిటికన్నా ముందు కలరా ఉండలు తీసేయండి

మిగతావన్నీ నెమ్మదిగా చేసుకోవచ్చు. ఇది ఈరోజే చేయండి, ముఖ్యంగా ఇంట్లో నెలలు నిండుతున్న ఆడపిల్ల గానీ పసిబిడ్డ గానీ ఉంటే.

కలరా ఉండల్లో ఎక్కువగా ఉండేది నాఫ్తలీన్. అది కరగకుండానే నేరుగా ఆవిరై, కొన్నాళ్లకు ఉండ మాయమవుతుంది. మాయమైందంతా బట్టల్లోకీ గాల్లోకీ పోయింది. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉన్నవాళ్లలో నాఫ్తలీన్ ఎర్రరక్తకణాలను పగలగొడుతుంది. మన దేశంలో ఈ లోపం ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారు, ఎక్కువగా మగపిల్లల్లో కనిపిస్తుంది. పరీక్ష చేయిస్తే తప్ప తెలియదు.

ఇప్పుడు మన అలవాటు గుర్తు తెచ్చుకోండి. కాన్పుకి పుట్టింటికి వచ్చిన అమ్మాయి కోసం అమ్మమ్మ ఏళ్లుగా దాచిన మెత్తటి పాత నూలు చీరలు బీరువాలోంచి తీస్తుంది. చింపి పొత్తిళ్లకి, పక్కబట్టలకి వాడతారు. పెద్దపిల్లాడి చిన్నప్పటి చొక్కాలూ అదే బీరువాలోంచే వస్తాయి. వాటి మడతల్లో కలరా ఉండలు ఉంటే ఆ ఆవిరి పసికందు ఒంటికి, ముక్కుకి నేరుగా తగులుతుంది. ఇలాంటి బట్టల వల్ల పసిబిడ్డలకు ఎర్రరక్తకణాలు పగిలి తీవ్రమైన పచ్చకామెర్లు వచ్చిన సంఘటనలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. యూరోపియన్ యూనియన్ నాఫ్తలీన్ ఉండలను 2008లో నిషేధించింది. మన దగ్గర ఏ కిరాణా కొట్టులో అడిగినా ఇస్తారు.

చేయాల్సింది ఇది. ఉండలన్నీ ఏరి కవర్లో బిగించి కట్టి పారేయండి. కాల్వలో వేయొద్దు. బిడ్డ కోసం తీసిన బట్టలు ఉతకడానికి ముందే రెండు మూడు రోజులు ఎండలో, గాలికి ఆరేయండి, తర్వాత వేడినీళ్లలో ఉతికి మళ్లీ ఎండబెట్టండి. ముక్కుకి ఏమాత్రం వాసన తగిలినా ఇంకో విడత. వాసన పోనివాటిని బిడ్డకు వాడకండి.

పట్టుచీరల సంగతేంటి అంటారు. పురుగు ఎక్కువగా పట్టేది చెమటా మరకా ఉన్న బట్టకి. కట్టిన చీరని నీడపట్టున గాలికి ఆరేసి, మరకలు శుభ్రం చేయించి, పాత నూలుబట్టలో చుట్టి పెట్టండి. మూడు నెలలకోసారి తీసి మడత మార్చండి. బాగా ఎండిన వేపాకు బట్టలో మూటకట్టి ఒక మూల పెట్టుకోండి.

వాష్‌బేసిన్లలో, మూత్రశాలల్లో వేసే ఉండలు, బిళ్లల్లో చాలావాటిలో పారాడైక్లోరోబెంజీన్ అనే రసాయనం ఉంటుంది. ఇదీ, నాఫ్తలీనూ రెండూ క్యాన్సర్ కారకాలు కావచ్చనే జాబితాలో ఉన్నాయి. అవీ తీసేయండి. బేసిన్ కంపు కొడుతోందంటే కింద గొట్టం వంపులో నీళ్లు ఎండిపోయి ఉంటాయి, లేదా జాలీలో వెంట్రుకలు పేరుకుని ఉంటాయి. జాలీ శుభ్రం చేసి ఒక చెంబెడు నీళ్లు పోయండి. కంపుకి కారణం పోతే సెంటుతో పని ఉండదు.

పసిబిడ్డకు సాంబ్రాణి పొగ మానిపించండి

ఇది సున్నితమైన విషయమని తెలుసు. స్నానం చేయించి, తల తుడిచి, బొగ్గు నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, బుట్ట బోర్లించి ఆ పొగ మీద బిడ్డ తల ఆరబెట్టడం తరతరాలుగా ప్రేమతో చేస్తున్న పని. చేసేది కూడా ఇంట్లో అందరికన్నా ఆ బిడ్డని ఎక్కువగా చూసుకునే మనిషే.

కానీ ఊపిరి లెక్క చూడండి. పెద్దవాళ్లు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటే పసికందు 30 నుంచి 60 సార్లు తీసుకుంటుంది. బరువుతో పోల్చుకుంటే మనకన్నా ఎంతో ఎక్కువ పొగ లోపలికి పోతుంది, అదీ ఇంకా తయారవుతున్న ఊపిరితిత్తుల్లోకి. బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి వాసన కూడా ఉండదు. బాలింత గదికి చలిగాలి తగలకూడదని కిటికీలన్నీ మూసి, పైగా మంచం పక్కన కుంపటి పెడితే అది ప్రాణాపాయం. చెవుల్లో, తలలో తడి ఆరాలన్న ఉద్దేశం మంచిదే. దానికి మెత్తటి తువ్వాలు, వెచ్చటి గది చాలు.

ఈ మాట అత్తగారితో చెప్పడం కోడలికి కష్టం. అందుకని చెప్పాల్సింది మీరు కాదు, పిల్లల డాక్టరు. టీకాలకు వెళ్లినప్పుడు అత్తగారిని కూడా తీసుకెళ్లి, ఆవిడ ముందే అడగండి: 'డాక్టరుగారూ, బిడ్డకి సాంబ్రాణి వేయొచ్చా?' ఇంటికొచ్చాక 'అత్తయ్యా, సాయంత్రం వరండాలో వేద్దాం, బిడ్డ లోపల పడుకున్నాక' అంటే మాట నిలుస్తుంది, ఆవిడ మనసూ నొచ్చుకోదు.

జలుబు చేస్తే కొబ్బరినూనెలో కర్పూరం కరిగించి ఛాతీకి రాయడం ఇంకో అలవాటు. రెండేళ్లలోపు పిల్లలకు కర్పూరం వద్దు. చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది, మింగితే మూర్ఛ తెప్పిస్తుంది. అమెరికాలో మందుల్లో కర్పూరం 11 శాతం మించకూడదన్న నిబంధన పెట్టింది ఇందుకే. మూర్ఛ వ్యాధి ఉన్న పెద్దవాళ్లకి కూడా కర్పూరం, యూకలిప్టస్ ఎక్కువగా ఉన్న బామ్‌లు, నూనెలు పడకపోవచ్చని మన దక్షిణాది న్యూరాలజిస్టులు కేసులతో సహా రాశారు.

హారతి కర్పూరం బిళ్లలూ కలరా ఉండలూ పిల్లల కంటికి చాక్లెట్లలా కనిపిస్తాయి. చేతికందని చోట పెట్టండి. బిడ్డ మింగిందని అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా 108కి ఫోన్ చేయండి. మింగిన డబ్బా గానీ కవరు గానీ వెంట తీసుకెళ్లండి.

పూజగదిలో పొగ తగ్గించండి

పూజ మానమని ఎవరూ అనట్లేదు. తగ్గించాల్సింది పొగ.

అగరొత్తిలో వెదురుపుల్ల చుట్టూ బొగ్గుపొడి, చెక్కపొడి, జిగురు పొడి ఉంటాయి. దాన్ని సెంటు ద్రావణంలో ముంచి తీస్తారు. ఆ సెంటుని పల్చన చేయడానికి ఎక్కువగా వాడేది డైఈథైల్ థాలేట్ అనే రసాయనం. వెలిగించాక వీటన్నిటి పొగా వస్తుంది. బరువుకి బరువు చూస్తే సిగరెట్టు గ్రాముకి సుమారు 10 మిల్లీగ్రాముల కణాలు వదిలితే అగరొత్తి సుమారు 45 వదులుతుందని కొలిచారు. పొగలో బెంజీన్, ఫార్మాల్డిహైడ్ కూడా ఉంటాయి. సింగపూర్‌లో 61 వేల మందికి పైగా చైనీయులను ఏళ్లతరబడి గమనించిన అధ్యయనంలో, ఇంట్లో చాలాకాలం రోజూ ధూపం వేసేవాళ్లకు నోరు, గొంతు లాంటి పైభాగపు శ్వాసమార్గాల్లో క్యాన్సర్లు ఎక్కువగా కనిపించాయి.

అపార్ట్‌మెంట్లలో చాలావరకు పూజగది అంటే హాల్లోనో వంటింట్లోనో ఒక గూడు. అక్కడ వెలిగిస్తే ఇల్లంతా పొగే. కిటికీ తీసి, వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి, ఒక్కటే వెలిగించండి. హారతి అయ్యాక దాన్ని బాల్కనీలోకి మార్చండి. సగం విరిచి వెలిగించినా దేవుడికి తక్కువేం కాదు. కప్పు సాంబ్రాణి పొగ మరీ దట్టం, ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే పూర్తిగా మానేయండి. దీపానికి వత్తి సన్నగా, పొట్టిగా పెడితే మసి రాదు. తులసి, నందివర్ధనం, మందారం పెట్టుకోండి. మల్లెలూ సంపెంగలూ మాత్రం పార్శ్వపు నొప్పి ఉన్నవాళ్ల పడకగదిలో వద్దు.

దోమల కాయిల్ గురించి ఒక్క మాట చాలు. ఒక కాయిల్ కాలితే వచ్చే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్లకు సమానమని 2003లో లెక్కగట్టారు. మూసిన గదిలో రాత్రంతా దాని పక్కన పడుకుంటున్నాం. దోమతెర కట్టుకోండి, కిటికీలకు మెష్ వేయించండి. దోమల అగరొత్తులు ఇంకా నమ్మరానివి, అనుమతి లేని పురుగుమందులు కలిపి అమ్ముతుంటారు.

కారు, ఏసీ గది

కారు చిన్న గది, పైగా ఎండలో ఉడుకుతుంది. వేడి పెరిగేకొద్దీ డాష్‌బోర్డు మీది జెల్ సెంటు, ప్లాస్టిక్కు, సీట్ల జిగురు అన్నీ ఎక్కువ ఆవిరవుతాయి. సెంటు తీసేయండి. ఎండలో నిలిపిన కారెక్కే ముందు నాలుగు తలుపులూ తీసి రెండు నిమిషాలు ఆగండి, మొదటి కాసేపు బయటి గాలి వచ్చేలా ఏసీ మీట మార్చండి.

ఇంట్లో స్ప్లిట్ ఏసీ ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతుంది, కొత్త గాలి తేదు. పడుకునే ముందు రూమ్ స్ప్రే కొట్టి తలుపు మూసి ఏసీ వేస్తే తెల్లారేదాకా పీల్చేది అదే. పడకగదిలో ప్లగ్గు సెంట్లు, స్ప్రేలు, డిఫ్యూజర్లు ఏవీ వద్దు. ఎయిర్ ప్యూరిఫైయర్ కొంటుంటే ఒకటి గమనించండి: హెపా ఫిల్టరు ధూళిని పడుతుంది, ఆవిర్లను పట్టదు. ఆవిర్లకు యాక్టివేటెడ్ కార్బన్, అంటే వాటిని పట్టి ఉంచే ప్రత్యేకమైన బొగ్గు, ఉండాలి, అదీ మందంగా, సమయానికి మారుస్తూ. ఓజోన్ వదిలే యంత్రాలు మాత్రం కొనకండి, పైన చెప్పిన ఫార్మాల్డిహైడ్ పుట్టడానికి అవే సాయం చేస్తాయి.

తుడవడం, ఉతకడం

తెల్ల ఫినాయిల్‌లో ఎక్కువగా వాడేది పైన్ ఆయిల్. రోజూ తుడవడానికి మామూలు సబ్బునీళ్లు సరిపోతాయి. వాసన ఉన్నదే కావాలంటే డబ్బా మీద చెప్పిన కొలత దాటకండి, పొద్దున్నే కిటికీలు తీసి తుడవండి. మధ్యాహ్నం ఎండ ముదిరాక బయట ఓజోన్ పెరుగుతుంది. పనమ్మాయి మూతలకొద్దీ గుమ్మరిస్తుంటే ఆమెకి కూడా చెప్పండి. నాలుగిళ్లలో రోజూ ఆ ఆవిరి పీల్చేది ఆమే.

టాయిలెట్ క్లీనర్‌లో ఆమ్లం ఉంటుంది. దాన్ని బ్లీచింగ్ పౌడరుతో ఎప్పుడూ కలపకండి, క్లోరిన్ గ్యాసు పుడుతుంది.

బట్టల మీద వాసన నిలిపే కండిషనర్లలో సెంటును సూక్ష్మమైన గుళికల్లో పెడతారు. బట్ట రాసుకున్నప్పుడల్లా అవి పగిలి వాసన వదులుతుంటాయి. మొదట దిండు గలీబులకు, పిల్లల బట్టలకు మానేయండి. సర్ఫు సగానికి తగ్గించి ఒకసారి ఎక్కువ జాడించండి. మన ఎండ ఉండగా బట్టకి వేరే వాసన ఎందుకు?

ఒంటికి రాసుకునేవి చివర్లో

కడిగేసుకునే సబ్బు, షాంపూల కన్నా ఒంటి మీద ఉండిపోయే క్రీములు, డియోడరెంట్లు ముందు మార్చండి. లేబుల్లో పర్ఫ్యూమ్, పార్ఫమ్, ఫ్రాగ్రెన్స్ అని ఒక్క మాట ఉంటుంది, దాని వెనక పదుల రసాయనాలు ఉండొచ్చు. యూరప్‌లో అలర్జీ తెప్పించే 26 పదార్థాల పేర్లు విడిగా రాయాలన్న నియమం ఉండేది, 2023లో ఆ జాబితాని 80కి పైగా పెంచారు. ఫ్రాగ్రెన్స్ ఫ్రీ అని ఉన్నవి కొనండి. అన్‌సెంటెడ్ అన్నవాటిలో వాసనని కప్పిపుచ్చడానికి ఇంకో వాసన కలిపి ఉండొచ్చు.

కొత్త క్రీమును మోచేతి లోపలివైపు రోజుకి రెండుసార్లు వారంపాటు రాసి చూడండి. దురద, ఎర్రదనం రాకపోతే వాడుకోండి. పాత నూనె సీసాలు పారేయండి: లిమోనిన్, లినలూల్ గాలి తగిలి పాతబడితే చర్మానికి అలర్జీ తెప్పించే పదార్థాలుగా మారతాయి. పసిపిల్లలకు పౌడరు అద్దే అలవాటు మానుకోండి, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

రెండు వారాల తర్వాత

జాబితాలో కొట్టేసినవన్నీ ఒక డబ్బాలో పెట్టి బాల్కనీలో రెండు వారాలు ఉంచండి. కలరా ఉండలు, కాయిల్స్ తప్ప. ఇబ్బందులు తగ్గాయా అని కాగితం వెనక రోజూ రెండు మాటలు రాయండి. తర్వాత ఎంతో ఇష్టమైనది ఏదో ఒక్కటి మాత్రం తిరిగి తెచ్చుకోండి. మూడు రోజులు చూడండి. ఏమీ కాకపోతే ఇంకొకటి. తలనొప్పో పిల్లికూతలో మళ్లీ మొదలైతే ఆ చివర తెచ్చింది బయటికి పంపండి. ఒకేసారి రెండు తెస్తే ఏది కారణమో తేలదు.

ఈ రెండు వారాల్లో డాక్టరు రాసిన ఇన్‌హేలర్, అలర్జీ మాత్రలు ఆపకండి. వాసనలన్నీ తీసేసినా దగ్గు, ఆయాసం తగ్గకపోతే కారణం వేరే ఉంది, ఛాతీ వైద్యుడికి చూపించి ఊపిరి పరీక్ష చేయించుకోండి. చర్మం మీద దద్దుర్లు పోకపోతే చర్మవైద్యుల దగ్గర ప్యాచ్ టెస్ట్ ఉంటుంది, ఏ సువాసన రసాయనం పడట్లేదో పేరుతో సహా చెప్తారు. మాట పూర్తిగా అనలేనంత ఆయాసం, పెదవులు నీలంగా మారడం, పసిబిడ్డకి కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి. ఇంట్లో ఏమేం వాడారో చెప్పండి, కలరా ఉండల సంగతి అడక్కపోయినా చెప్పండి.